తూరు ఊదా

తూరు ఊదా అనగా మధ్యధరా సముద్రంలో నివసించే కొన్ని జాతుల నత్తల నుండి తీయబడిన అద్దకపు రంగు. ఆంగ్లంలో దీనిని టిరియన్ పర్పుల్, రాయల్ పర్పుల్, ఇంపీరియల్ పర్పుల్ అను పేర్లతో వ్యవహరిస్తారు. నేటి లెబనాన్ తీరంలోని తూరు, సీదోను పట్టణాలు ఈ పరిశ్రమకు ప్రాచీన కాలంలో ప్రసిద్ధి చెందినవి. రోమన్ మరియు బైజాంటైన్ సామ్రాజ్యాలలో ఈ రంగు రాజాధికారానికి చిహ్నమై, చివరకు చక్రవర్తి తప్ప మరొకరు ధరించడం రాజద్రోహంగా పరిగణింపబడే స్థితికి చేరుకున్నది. ఊదాను "రాజుల రంగు" అని నేటికీ అనడానికి మూలం ఈ నత్తల రంగే. అయితే ఆ గౌరవం ఆ వర్ణంలో సహజంగా ఉన్నది కాదు. రంగు దొరకడం కష్టం, దొరికిన దానిని పాలకులు తమ గుప్పిట ఉంచుకున్నారు. ఈ రెండు కారణాల వలననే ఊదా రాజవర్ణమైనది.

పేరు

తెలుగులో "ఊదా" అను మాట హిందీ, ఉర్దూ భాషల నుండి వచ్చి చేరినది. వాడుకలో ఈ వర్ణాన్ని వంకాయ రంగు, నేరేడుపండు రంగు అని కూడా అంటారు. సంస్కృతం నుండి వచ్చిన "ధూమ్రవర్ణం" అన్న మాటకు పొగరంగు అని అర్థం. తెలుగు బైబిలు పాత నిబంధనలో ప్రత్యక్ష గుడారపు తెరల వర్ణన వచ్చిన చోట నీల, ధూమ్ర, రక్త వర్ణములని మూడు రంగులు కలిపి చెప్పబడినవి. అందులోని ధూమ్రవర్ణం ఈ నత్తల ఊదాయే. కొత్త నిబంధనలో మాత్రం అనువాదకులు "ఊదారంగు" అన్న మాటనే వాడినారు. పట్టణాల పేర్లు తూరు, సీదోను అని తెలుగు పాఠకులకు పరిచయమైనది కూడా బైబిలు ద్వారానే కనుక ఈ వ్యాసంలో ఆ రూపాలే వాడబడినవి.

గ్రీకులో ఈ రంగును, రంగునిచ్చే నత్తను "పోర్ఫిరా" అనేవారు. అది లాటిన్‌లో "పుర్పురా", ఆంగ్లంలో "పర్పుల్" అయినది. ఎర్రని పోర్ఫిరీ శిలకు ఆ పేరు రావడానికి కారణం కూడా ఈ రంగే. తూరు, సీదోను పట్టణాలున్న ప్రాంతాన్ని గ్రీకులు ఫినీషియా అనేవారు. ఆ పేరుకు మూలం ముదురు ఎరుపును సూచించే గ్రీకు పదమని పలువురు పండితుల అభిప్రాయం.

నత్త నుండి రంగు

ఈ రంగుకు మూడు జాతుల నత్తలు ముఖ్యమైనవి. అవి బొలైనస్ బ్రాండారిస్, హెక్సాప్లెక్స్ ట్రంకులస్, స్ట్రమోనైటా హెమాస్టోమా. వీటి శరీరంలోని ఒక చిన్న గ్రంథి స్రవించే ద్రవం మొదట దాదాపు రంగు లేకుండా ఉంటుంది. గాలి, వెలుతురు తగిలిన కొద్దీ అది పసుపు, ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదాగా మారుతుంది. ఒక్కొక్క నత్తలో ఉండే ద్రవం చాలా స్వల్పం. 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అను రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తల నుండి రంగును వేరు చేయగా అతనికి లభించినది 1.4 గ్రాములు మాత్రమే.

ఈ రంగులోని ప్రధాన పదార్థం డైబ్రోమోఇండిగో అని ఫ్రీడ్‌లాండర్ నిర్ధారించినాడు. ఇది మన నీలిమందుకు అతి దగ్గరి చుట్టం. నీలిమందు అణువుకు రెండు బ్రోమిన్ పరమాణువులు చేరితే తూరు ఊదా అవుతుంది. ఆ బ్రోమిన్‌ను నత్త సముద్రపు నీటి నుండి గ్రహిస్తుంది. హెక్సాప్లెక్స్ ట్రంకులస్ జాతిలో నీలిమందు కూడా కొంత ఉంటుంది. దాని రంగు కలిపిన తొట్టిని అద్దకం సమయంలో ఎండలో ఉంచితే బ్రోమిన్ విడిపోయి బట్టకు ఊదాకు బదులు నీలవర్ణం వస్తుంది. యూదుల గ్రంథాలలో చెప్పబడిన తెఖేలెత్ అను పవిత్ర నీలవర్ణం ఈ విధంగానే తయారై ఉండవచ్చునని 1980లలో ఇజ్రాయెల్‌లో జరిగిన ప్రయోగాల తరువాత పలువురు భావించినారు.

నీలిమందు వలెనే ఈ రంగు కూడా నీటిలో కరగదు. బట్టకు పట్టించాలంటే దానిని ముందు కరిగే రూపంలోకి మార్చవలెను. క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత ప్లినీ తన "నాచురాలిస్ హిస్టోరియా" గ్రంథం తొమ్మిదవ భాగంలో ఈ పద్ధతిని వర్ణించినాడు. గ్రంథులను వేరు చేసి, ఉప్పు చల్లి, మూడు రోజులు నానబెట్టి, పిదప లోహపు పాత్రలలో నీటితో కలిపి రోజుల తరబడి సన్నని వేడి మీద ఉంచేవారు. పైకి తేలిన మాంసపు తునకలను తీసివేస్తూ, పదవ రోజు ప్రాంతంలో ఉన్ని ముంచి రంగును పరీక్షించేవారు. ఈ వేడిలో నత్త మాంసం కుళ్ళి, అందులోని సూక్ష్మజీవులు రంగును కరిగే రూపంలోకి మార్చేవని నేటి శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. ప్లినీకి ఆ కారణం తెలియకపోయినా అతడు వ్రాసిన కొలతలు, రోజుల లెక్కలు నేటి ప్రయోగాలకు కూడా ఆధారమైనవి.

కుళ్ళిన మాంసం వాసన ఎంత దుర్భరమో ఊహించుకోవచ్చును. రంగు కార్ఖానాలు అధికంగా ఉండుట వలన తూరు పట్టణం నివాసానికి అంత అనువుగా లేదని, అయినప్పటికీ వాటి వల్లనే అది సంపన్నమైనదని భూగోళ రచయిత స్ట్రాబో వ్రాసినాడు. సీదోనులో ఈ నత్త గుల్లలు పోగుపడి ఏర్పడిన దిబ్బ ఒక చిన్న కొండంత ఉన్నది.

అన్నిటికన్న మేలైన ఊదా నేడు మనం ఊదా అని పిలిచే లేత రంగు కాదు. అది గడ్డకట్టిన నెత్తురు రంగులో ఉండవలెననీ, నేరుగా చూసినప్పుడు నల్లగా, వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు మెరుస్తూ కనిపించవలెననీ ప్లినీ చెప్పినాడు. తూరులో బట్టను రెండు జాతుల నత్తల రంగులలో ఒకదాని తరువాత ఒకటిగా రెండుసార్లు ముంచేవారు. పూల నుండి, వేళ్ళ నుండి తీసిన రంగులలో చాలావరకు ఎండకు, ఉతుకుకు వెలిసిపోయే ఆ కాలంలో ఈ రంగు వెలియకుండా నిలిచేది. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ సూసా నగరాన్ని పట్టుకున్నప్పుడు అక్కడి ఖజానాలో 190 సంవత్సరాల క్రితం అద్దిన ఊదా వస్త్రాలు కొత్తవాటివలె మెరుస్తూ లభించినవని ప్లూటార్క్ వ్రాసినాడు. అవి 5,000 టాలెంట్ల బరువున్నవన్న అతని లెక్కలో కొంత అతిశయోక్తి ఉండవచ్చును.

గాథ మరియు తొలి ఆధారాలు

ఈ రంగును ఒక కుక్క కనుగొన్నదని గ్రీకు గాథ. హెరాక్లిస్ సముద్రతీరంలో నడుస్తుండగా అతని కుక్క ఒక నత్తను కొరికినది. దాని మూతి ఊదారంగుకు మారినది. అది చూసిన కన్య అదే రంగు వస్త్రం తెచ్చి ఇవ్వమని హెరాక్లిస్‌ను కోరినది. ఈ కథను క్రీ.శ. 2వ శతాబ్దంలో జూలియస్ పోలక్స్ నమోదు చేసినాడు. చిత్రకారుడు రూబెన్స్ 1636 ప్రాంతంలో దీనిని చిత్రించినాడు గాని, అతడు వేసిన గుల్ల ఈ నత్తలది కాదు, మరొక జాతిది.

చారిత్రక ఆధారాలను బట్టి చూస్తే ఈ విద్య ఫినీషియన్ల కన్న పాతది. క్రీట్ దీవిలో క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది తొలి భాగానికి చెందిన నత్తగుల్లల కుప్పలు లభించినవి. అదే దీవిలోని నోసస్‌లో దొరికిన లీనియర్ బి లిపి పలకలలో ఒకదానిపై ఊదాకు సంబంధించిన మాట, రాజుకు సంబంధించిన మాట కలిసి కనిపిస్తున్నవి. ఈ రంగుకు, రాజుకు గల సంబంధానికి లభించిన వ్రాతపూర్వక సాక్ష్యాలలో ఇది అతి పురాతనమైనవాటిలో ఒకటి. దక్షిణ ఇజ్రాయెల్‌లోని టిమ్నా రాగి గనుల వద్ద దొరికిన ఉన్ని పోగులపై నత్తల ఊదా ఉన్నదని 2021లో పరిశోధకులు ప్రకటించినారు. ఆ పోగులు క్రీ.పూ. 1000 ప్రాంతానికి చెందినవి. గనులు సముద్రతీరానికి ఎంతో దూరంలో ఎడారిలో ఉన్నందున, రంగు వేసిన బట్ట వ్యాపారం ద్వారా లేదా పై అధికారుల వెంట అక్కడికి చేరి ఉండవలెను.

రోమ్‌లో ఊదా

రోమన్ గణతంత్రంలో ఊదా పూర్తిగా నిషిద్ధం కాదు. అయితే ఎవరి బట్టపై ఎంత ఊదా ఉండవలెనో ఒక క్రమం ఉండేది. ఉన్నత పదవులలో ఉన్నవారు, స్వతంత్ర పౌరుల బాలురు ఊదా అంచు గల తెల్లని టోగా ధరించేవారు. సెనేటర్ల అంగీపై వెడల్పాటి ఊదా చార, వారి తరువాతి అంతస్తు వారైన అశ్విక వర్గం అంగీపై సన్నని చార ఉండేవి. పూర్తిగా ఊదా రంగులో ఉండి బంగారు పని చేసిన టోగాను యుద్ధంలో గెలిచి విజయోత్సవం జరుపుకొనే సేనాని ఆ ఒక్కరోజు మాత్రమే ధరించేవాడు. ఆ ఒక్కరోజు గౌరవాన్ని శాశ్వతం చేసుకున్న జూలియస్ సీజర్ బహిరంగంగా ఊదా టోగా ధరించినాడు. ఇతరుల ఊదా వస్త్రాలపై మాత్రం అతడే ఆంక్షలు విధించినాడు.

ధరల విషయంలో ప్లినీ ఒక పాత రచయిత మాటలను పేర్కొన్నాడు. కార్నీలియస్ నెపోస్ యవ్వనంలో లేత ఊదా ఉన్ని పౌను 100 దినారాలకు దొరికేది. కొద్దికాలానికి రెండుసార్లు ముంచిన తూరు ఊదా వచ్చినది. అది 1,000 దినారాలకు కూడా దొరికేది కాదు. క్రీ.పూ. 63లో లెంటులస్ స్పింతర్ అను అధికారి తన టోగా అంచుకు దానిని మొదట వాడినప్పుడు జనం తప్పుపట్టినారు. తరువాత కొద్దికాలానికే భోజనశాలలోని పరుపులకు కూడా ఆ బట్ట వాడని ధనికుడు లేకపోయినాడు. పై అంతస్తుల గుర్తు క్రమంగా కిందికి దిగుతుంటే పాలకులు చట్టంతో దానిని పైకి లాగడమే తరువాతి నాలుగు వందల సంవత్సరాల ఊదా చరిత్ర అని చెప్పవచ్చును.

ఈ విషయంలో నీరో చక్రవర్తి అనుసరించిన విధానం విచిత్రమైనది. తూరు ఊదాను, దానివంటి మరొక రంగును అతడు నిషేధించినాడు. పిదప, సూటోనియస్ కథనం ప్రకారం, సంతరోజున ఒకనిని రహస్యంగా పంపి కొద్దిగా రంగు అమ్మించి, ఆ నెపంతో వర్తకులందరి దుకాణాలు మూయించినాడు. మరొకనాడు తాను పాడుతుండగా ప్రేక్షకులలో ఒక స్త్రీ నిషిద్ధ వర్ణం ధరించి ఉండటం గమనించి భటులకు చూపించినాడు. ఆమెను బయటకు ఈడ్చి, ఆ వస్త్రంతో పాటు ఆస్తిని కూడా లాక్కున్నారు.

అంతకుముందు క్రీ.శ. 40లో మారిటానియా రాజు టోలెమీని కాలిగ్యులా చంపించినాడు. ఈ టోలెమీ ఆంటోనీ, క్లియోపాత్రల మనుమడు. గ్లాడియేటర్ల ప్రదర్శనకు అతడు వేసుకువచ్చిన ఊదా వస్త్రంపై అందరి చూపులు పడటమే కారణమని సూటోనియస్ వ్రాసినాడు. అతని సంపదపై ఆశతో చంపించినాడని మరొక చరిత్రకారుడైన డియో వ్రాసినాడు. రెండవదే నమ్మదగినదిగా తోచినా, ఒక బట్ట కోసం రాజును చంపించినాడంటే రోమన్ పాఠకులు నమ్మగలిగినారన్నది గమనించదగినది.

క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి వస్తువులకు గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ శాసనం చేసినాడు. అందులో ఊదా పట్టు పౌను ధర 1,50,000 దినారాలు, ఊదా ఉన్ని పౌను 50,000 దినారాలు. బంగారం పౌను 72,000 దినారాలు. అనగా ఊదా పట్టు బంగారానికి రెండింతల విలువైనది. అదే శాసనంలో పొలం కూలీకి భోజనం కాక రోజుకు 25 దినారాలు. ఆ లెక్కన ఒక పౌను ఊదా పట్టు కొనుటకు అతడు 6,000 రోజులు, అనగా పదహారేళ్ళకు పైగా పనిచేయవలెను. ఈ దినారం అప్పటికే విలువ బాగా పడిపోయిన నాణెం కనుక నెపోస్ చెప్పిన ధరలతో వీటిని పోల్చరాదు.

డయోక్లీషియన్ కాలం నుండి ఆస్థానంలో చక్రవర్తి ముందు మోకరిల్లి అతని ఊదా వస్త్రపు అంచును ముద్దాడే ఆచారం స్థిరపడినది. "ఊదా ధరించుట" అనగా సింహాసనం ఎక్కుట అనే అర్థం వచ్చినది. తిరుగుబాటు సేనలు తమ నాయకుని చక్రవర్తిగా ప్రకటించదలిస్తే మొదట వెదికేది ఊదా బట్ట కోసమే. క్రీ.శ. 424లో రెండవ థియోడోసియస్ చేసిన చట్టం ప్రకారం ప్రజలు తమ వద్దనున్న ఊదా పట్టు వస్త్రాలను ప్రభుత్వానికి అప్పగించవలెను. దాచినవారు రాజద్రోహులవుతారు.

రంగు పనివారు

రాజవస్త్రం గురించి చరిత్ర గ్రంథాలు ఎంతో చెప్పినవి గాని, నత్తలు పట్టినవారి గురించి, రంగు కాచినవారి గురించి చాలా తక్కువ చెప్పినవి. రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాలలో నత్తలు పట్టేవారు మురిలెగులి అను ప్రత్యేక వర్గంగా ఉండేవారు. వీరి వృత్తి వంశపారంపర్యం. దానిని విడిచిపోవడానికి చట్టం అనుమతించలేదు. నత్తలను ఎర కట్టిన బుట్టలతో పట్టేవారని ప్లినీ తెలిపినాడు. రంగు బయటకు రావాలంటే వాటిని ప్రాణంతో పట్టవలెను, చనిపోతే అవి ఆ ద్రవాన్ని వదిలివేస్తాయని కూడా అతడు వ్రాసినాడు.

వీరికి ఎదురైన ప్రమాదం ఎటువంటిదో అమ్మియానస్ మార్సెల్లినస్ వ్రాసిన ఒక సంఘటన వలన తెలుస్తుంది. 4వ శతాబ్దం మధ్యలో గాలస్ సీజర్ తూర్పు ప్రాంతాలను పాలిస్తుండగా, తూరులోని నేత కార్ఖానాలో రహస్యంగా ఒక రాజవస్త్రం నేయబడినదని బయటపడినది. ఎవరు చెప్పి నేయించినారో, ఎవరి కోసమో తెలియలేదు. పని త్వరగా ముగించమని కార్ఖానా అధికారికి వ్రాసిన ఉత్తరం దొరికినది. దానికి సంబంధించి మరాస్ అను క్రైస్తవ పరిచారకుని ప్రాణం మీదికి వచ్చేవరకు హింసించినా అతని నుండి ఏ సమాధానమూ రాబట్టలేకపోయినారు. ఆ ప్రాంతపు అధికారి, అతని కుమారుడు బహిష్కరింపబడి, దారిలోనే చంపబడినారు. వస్త్రం సైజును బట్టి గాని, నేతను బట్టి గాని కాక, కేవలం అటువంటి బట్ట ఒకటి ఉన్నదన్న కారణంతోనే ఇదంతా జరిగినది.

అనుకరణలు

నిజమైన ఊదా కొనలేనివారికి నకిలీ ఊదా ఉండనే ఉన్నది. ఈజిప్టులో దొరికి ప్రస్తుతం స్టాక్‌హోమ్, లైడెన్ నగరాలలో ఉన్న 3-4 శతాబ్దాల నాటి పాపిరస్ పత్రాలలో నకిలీ ఊదా తయారుచేసే పద్ధతులు అనేకం ఉన్నవి. మంజిష్ఠ జాతి వేళ్ళ ఎరుపును, నీలిరంగునిచ్చే వోడ్ మొక్క రంగును ఒకదానిపై ఒకటి అద్దడం అందులో ఒక పద్ధతి. రాళ్ళపై పెరిగే లైకెన్ నుండి తీసిన ఆర్కిల్ అను రంగు మరొకటి. చూపులకు ఇది ఎంతో అందమైనదే గాని ఎండకు నిలువదు. ఊదారంగు తోలుపై వెండి, బంగారు అక్షరాలతో వ్రాసిన 6వ శతాబ్దపు రొసానో సువార్త ప్రతిని పరీక్షించగా దాని ఊదా నత్తలది కాదని, ఆర్కిల్ అని తేలినది.

బైబిలులోని లూదియ ఫిలిప్పీ పట్టణంలో ఊదారంగు సరుకు అమ్మే వర్తకురాలు. ఆమె స్వస్థలమైన తుయతైర, నేటి టర్కీలోని అఖిసార్, అద్దకపు పనివారి సంఘానికి పేరుపొందినది. ఆ ప్రాంతపు ఊదా నత్తల నుండి గాక మంజిష్ఠ వంటి వేళ్ళ నుండి తీసినదై ఉండవచ్చునని పలువురు పరిశోధకుల భావన.

ఊదాలో పుట్టినవారు

కాన్‌స్టాంటినోపుల్ రాజప్రాసాదంలో పోర్ఫిరా అను గది ఉండేది. ఈజిప్టు ఎడారి నుండి తెచ్చిన ఊదా-ఎరుపు పోర్ఫిరీ శిలతో దాని గోడలు కప్పబడినవి. పట్టపురాణులు ప్రసవించేది ఆ గదిలోనే. పాలిస్తున్న చక్రవర్తికి అక్కడ పుట్టిన బిడ్డను పోర్ఫిరోజెన్నెటోస్, అనగా "ఊదాలో పుట్టినవాడు" అనేవారు. తండ్రి సింహాసనం ఎక్కక ముందు పుట్టిన అన్నకు ఈ బిరుదు ఉండదు.

ఈ బిరుదు ఒట్టి అలంకారం కాదని ఏడవ కాన్‌స్టాంటైన్ చరిత్ర చెబుతుంది. అతడు 905లో జన్మించునాటికి అతని తల్లి జోయికి, చక్రవర్తి ఆరవ లియోకు వివాహం కాలేదు. అప్పటికే మూడు పెళ్ళిళ్ళు చేసుకున్న లియో నాల్గవ పెళ్ళిని చర్చి తీవ్రంగా వ్యతిరేకించినది. అందుచేత కుమారుడు ఆ గదిలోనే పుట్టినాడన్న సంగతి అతని వారసత్వానికి ముఖ్యమైన అండగా నిలిచినది. నేటికీ చరిత్రలో అతని పేరుకు ఆ బిరుదు అంటిపెట్టుకొని ఉన్నది. చరిత్రకారిణి అన్నా కొమ్నేనే కూడా 1083లో ఆ గదిలోనే జన్మించినది. ఆ గది వర్ణనను ఆమె తన గ్రంథం అలెక్సియడ్‌లో ఇచ్చినది.

ఊదా సిరాతో సంతకం చేసే హక్కును క్రీ.శ. 470లో ఒక చట్టం చక్రవర్తికి మాత్రమే పరిమితం చేసినది. 532లో కాన్‌స్టాంటినోపుల్‌లో నికా తిరుగుబాటు చెలరేగినప్పుడు జస్టీనియన్ పారిపోవడానికి సిద్ధపడగా, రాణి థియోడోరా తాను ఊదా వస్త్రాన్ని విడిచి బ్రతకబోనని చెప్పి అతనిని ఆపినదని ప్రొకోపియస్ వ్రాసినాడు. తరువాత సైన్యం చేతిలో వేలాది జనం హతులైనారు. ఈ దంపతులిద్దరూ ఊదా దుస్తులతో ఉన్న మొజాయిక్ చిత్రాలు ఇటలీలోని రవెన్నాలో శాన్ విటాలే చర్చిలో నేటికీ చూడవచ్చును.

968లో జర్మన్ చక్రవర్తి మొదటి ఒట్టో తన కుమారునికి ఊదాలో పుట్టిన రాకుమారిని అడుగుటకు క్రెమోనా బిషప్ లియుట్‌ప్రాండ్‌ను పంపినాడు. సంబంధం కుదరలేదు. పైగా తిరిగి వచ్చేటప్పుడు అతడు కొన్న ఊదా వస్త్రాలను, అవి ఇతర దేశీయులకు తగనివని, అధికారులు లాక్కున్నారు. ఇటువంటివి మా దేశంలో వెనిస్, అమాల్ఫీ వర్తకుల వద్ద కొని వీధి మనుషులు కూడా కట్టుకుంటారని అతడు కోపంతో బదులిచ్చినట్లు తన నివేదికలో వ్రాసుకున్నాడు. నిషేధం ఎంత గట్టిదో, దొంగ వ్యాపారం కూడా అంత గట్టిదని దీని వలన తెలుస్తున్నది.

పరిశ్రమ అంతరించుట

1204లో నాల్గవ క్రూసేడు సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్న తరువాత ఈ ఖరీదైన పరిశ్రమను పోషించే శక్తి ఆ సామ్రాజ్యానికి లేకపోయినది. 1453లో నగరం ఉస్మానియా తురుష్కుల వశమైనది. 1464లో పోపు రెండవ పాల్ కార్డినల్‌ల వస్త్రాలకు నత్తల ఊదాకు బదులు కెర్మెస్ అను పురుగు నుండి తీసిన ఎరుపును నిర్ణయించినాడు. కార్డినల్‌లు నేటికీ ఎరుపు ధరించడానికి కారణమిదే.

రంగు పోయినా చట్టం మాత్రం మిగిలినది. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి 1574 ప్రకటన ప్రకారం ఊదా పట్టును రాజకుటుంబీకులు మాత్రమే ధరించవలెను. డ్యూకులు, ఎర్లు వంటివారికి కొన్ని ఉడుపుల వరకు మినహాయింపు ఉన్నది. ఆనాటి ఇంగ్లీషు ఊదాలో నత్తల రంగు లేదు.

చైనా, జపానులలో

తూర్పు ఆసియాలో ఊదాకు వచ్చిన గౌరవం నత్తలతో సంబంధం లేనిది. అక్కడ ఈ రంగును ఒక మొక్క వేరు నుండి తీసేవారు. ఊదా వచ్చి శుద్ధమైన ఎరుపు స్థానాన్ని ఆక్రమించడం కన్‌ఫ్యూషియస్‌కు నచ్చలేదు. "హాన్ ఫెయిజి" గ్రంథంలోని కథ ప్రకారం చీ రాజ్య ప్రభువు హువాన్ ఊదా ధరించగా ప్రజలందరూ దానినే కట్టసాగినారు. ఐదు తెల్ల బట్టలిచ్చినా ఒక ఊదా బట్ట రాని పరిస్థితి ఏర్పడినది. మంత్రి గువాన్ జోంగ్ సలహాపై ప్రభువు దానిని మానివేసి, ఊదా వాసన తనకు సహించదని నలుగురిలో అనగానే ఏడాదిలో దేశమంతటా ఊదా మాయమైనది. నీరో భటులతో చేయించిన పనిని ఈ ప్రభువు ఒక్క మాటతో చేయించినాడు. తరువాతి కాలంలో టాంగ్ వంశ పాలనలో పై శ్రేణి అధికారుల దుస్తులకు ఊదా నిర్ణయింపబడినది. జపానులో 603లో ఏర్పడిన పన్నెండు శ్రేణుల టోపీల పద్ధతిలో కూడా అగ్రశ్రేణికి ఊదా అని సంప్రదాయంగా చెబుతారు.

భారతదేశంలో సార్వభౌమత్వానికి గుర్తు వస్త్రపు రంగు కాదు, తెల్లగొడుగు. ఏకచ్ఛత్రాధిపత్యం అన్న మాట అందుండి వచ్చినదే.

కృత్రిమ ఊదా

1856లో లండనులో 18 ఏళ్ళ విద్యార్థి విలియం హెన్రీ పెర్కిన్ మలేరియా మందైన క్వినైన్‌ను కృత్రిమంగా తయారుచేయాలని ప్రయత్నించినాడు. తారు నుండి వచ్చే అనిలిన్‌తో చేసిన ఆ ప్రయోగం విఫలమై పాత్రలో నల్లని మడ్డి మిగిలినది. దానిని సారాయితో కడుగగా చక్కని ఊదా వచ్చినది. అతడు మొదట దీనికి తూరు ఊదా అన్న పేరే పెట్టినాడు. తరువాత మావ్ అన్న ఫ్రెంచి పేరు స్థిరపడినది. 1858 జనవరిలో తన కుమార్తె వివాహానికి విక్టోరియా రాణి ఈ రంగు దుస్తులు ధరించినది. కొద్దికాలంలోనే సామాన్య గృహిణులు కూడా అదే రంగు కొనగలిగినారు. నత్తల రంగును నేడు ప్రయోగశాలలో తయారు చేయవచ్చును గాని, ఇతర చౌక రంగులుండగా పరిశ్రమలో దానికి చోటు దొరకలేదు.

నేటి వాడుక

బ్రిటిషు రాజకుటుంబం పట్టాభిషేకాలలో ఊదాను నిలుపుకొన్నది. 2023లో మూడవ ఛార్లెస్ పట్టాభిషేకానంతరం చర్చి నుండి బయటకు వచ్చినప్పుడు తన తాత ఆరవ జార్జి ధరించిన ఊదా మఖమలు వస్త్రాన్ని ధరించినాడు. 1908 నుండి ఇంగ్లండులో ఓటుహక్కు కోసం పోరాడిన స్త్రీలు తెలుపు, ఆకుపచ్చలతో పాటు ఊదాను తమ పతాకవర్ణంగా స్వీకరించినారు. 2023లో ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో రోమన్ స్నానశాల శిథిలాలలో తూరు ఊదా ముద్ద ఒకటి లభించినది. బట్టకు పట్టించని రంగు ఈ రూపంలో దొరకడం అరుదు.

మెక్సికో పసిఫిక్ తీరంలో మిక్స్‌టెక్ జాతి పనివారు ఇటువంటి మరొక నత్తను రాళ్ళపై నుండి తీసి, దాని ద్రవాన్ని నేరుగా నూలు కండెపై పిండి, నత్తను తిరిగి రాతిపైనే వదులుతారు. నత్త చావదు, కొంతకాలానికి మళ్ళీ రంగునిస్తుంది. తూరు పనివారి పద్ధతిలో ఇది సాధ్యం కాలేదు.

క్రైస్తవ ఆరాధనలో ఊదాకు రెండు అర్థాలు కలిసి ఉన్నవి. రోమన్ సైనికులు యేసుకు ఊదా వస్త్రం తొడిగి రాజా అని ఎగతాళి చేసినారని మార్కు సువార్త చెబుతున్నది. మత్తయి సువార్తలో ఆ వస్త్రం ఎర్రనిది. చక్రవర్తి గుర్తును ఒక ఖైదీకి తొడగడమే ఆ ఎగతాళిలోని పదును. ఆ ఘట్టం వలన ఊదా అటు రాజత్వానికి, ఇటు బాధకు, పశ్చాత్తాపానికి గుర్తు అయినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని కతోలిక మరియు దక్షిణ ఇండియా సంఘ దేవాలయాలలో క్రిస్మసుకు ముందు ఆగమన కాలంలోను, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలోను బలిపీఠంపై పరిచే వస్త్రం, గురువుల పై వస్త్రం ఈ రంగులోనే ఉంటాయి.